బెల్టు పెట్టుకోలేదు కాబట్టి ఇన్సూరెన్స్ రాదంటున్నారు.. నిజమేనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. నా వయసు 36. రెండు నెలల క్రితం మావారు (41) శ్రీకాకుళంలో పెళ్ళికి వెళ్ళి స్నేహితుడి కారులో తిరిగి వస్తున్నారు. టెక్కలి దగ్గర హైవే మీద లైట్లు లేకుండా ఆపి ఉంచిన లారీని రాత్రిపూట కారు గుద్దింది. ముందు కూర్చున్న ఇద్దరూ దెబ్బలతో బయటపడ్డారు. వెనక సీట్లో నిద్రపోతున్న మావారు అక్కడికక్కడే పోయారు. ఆయన బెల్టు పెట్టుకోలేదు. మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ చూసేవారు, జీతం 38 వేలు, పీఎఫ్ ఉంది. బాబుకు 13, పాపకు 8 ఏళ్ళు. అత్తగారు మాతోనే ఉంటారు. నేను ఇంట్లో బ్లౌజులు కుట్టి నెలకు ఆరేడు వేలు సంపాదిస్తాను. ఇంటి లోన్ ఇంకా 11 లక్షలుంది, నెలకు 13,500 కట్టాలి. ఎల్ఐసీ నుంచి 5 లక్షలు వచ్చాయి. లోన్ తగ్గించుకోమని బావగారు, బంగారం కొనమని మా అమ్మ, నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇవ్వమని పక్కింటివాళ్ళు అంటున్నారు. లారీ ఓనరు తరఫువాళ్ళు వచ్చి, 4 లక్షలిస్తాం, కేసు వద్దు, బెల్టు లేదు కాబట్టి ఇన్సూరెన్స్ ఎలాగూ రాదన్నారు. ఆ దారిలో మళ్ళీ కారెక్కే ధైర్యం నాకు లేదు. బాబు అసలు కారు దగ్గరికే రావడం లేదు. ఏం చెయ్యమంటారు? ఆ రాత్రి ఫోన్లో బెల్టు పెట్టుకోమని ఒక్క మాట అని ఉంటే ఆయన బతికేవారా?

జవాబు: అమ్మా, డబ్బు సంగతి తర్వాత చూద్దాం. మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి. అది మనసులో ఉండగా మీరు ఏ కాగితం మీదా నెమ్మదిగా సంతకం పెట్టలేరు.

బతికేవారా అంటే, ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. బెల్టు వల్ల చావు ముప్పు ముందు సీట్లో సగానికి దగ్గరగా, వెనక సీట్లో పావు వంతు దాకా తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే బెల్టు పెట్టుకుంటే మేలు జరిగే అవకాశం కొంత పెరిగేది, అంతవరకే. చీకట్లో లైట్లు లేకుండా లారీ ఆపినవాడి తప్పును మీ ఫోన్ కాల్ మీద వేసుకోకండి. వెనక సీట్లో బెల్టు పెట్టుకునే అలవాటు మన దగ్గర ఏ ఇంట్లో ఉందో చెప్పండి? 2022 సెప్టెంబర్ 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర చనిపోయింది ఇలాగే. వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ పోయారు, ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో మిగిలారు. అంత చదువుకున్నవాళ్ళకే తట్టని విషయం మీకు ఆ రాత్రి తట్టలేదని మిమ్మల్ని మీరు శిక్షించుకోవడం న్యాయం కాదు.

ఇక రెండో మాట. బెల్టు లేదు కాబట్టి ఇన్సూరెన్స్ రాదన్నది అబద్ధం. బెల్టు పెట్టుకోకపోవడం వల్ల యాక్సిడెంట్ జరగలేదు. ఒక మోటార్ సైకిల్ మీద ముగ్గురు వెళ్ళిన కేసులో, ఆ తప్పు ప్రమాదానికి గానీ, తగిలిన దెబ్బల తీవ్రతకు గానీ కారణమైందని రుజువైతే తప్ప పరిహారం తగ్గించకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. లారీ ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు బెల్టు మాట ఎత్తుతాడు, ఎత్తనివ్వండి. దానికి మీ లాయరు జవాబు చెబుతాడు. మీరు మాత్రం ఆ 4 లక్షల కాగితం మీద సంతకం పెట్టకండి.

ఎందుకు వద్దంటున్నానో లెక్క వేసి చూపిస్తాను. సుప్రీంకోర్టు 2009లోనూ 2017లోనూ ఇచ్చిన తీర్పుల ప్రకారమే ట్రిబ్యునళ్ళు (ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టులు) పరిహారం లెక్క కడతాయి. నెలకు 38 వేలంటే ఏడాదికి 4,56,000. ఆయనకు 41 ఏళ్ళు, ఉద్యోగం శాశ్వతమైతే ముందు ముందు పెరిగే జీతం కింద 30 శాతం కలుపుతారు, 5,92,800 అవుతుంది. ఆధారపడినవారు నలుగురు (మీరు, పిల్లలిద్దరు, అత్తగారు) కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలేది 4,44,600. ఆ వయసుకు 14తో హెచ్చిస్తారు. మొత్తం 62,24,400 రూపాయలు. అంత్యక్రియలు, భర్తను, తండ్రిని కోల్పోయినందుకు ఇచ్చేవి వేరే. ఉద్యోగం శాశ్వతమని తేలక 25 శాతమే కలిపినా 60 లక్షలకు కాస్త తక్కువ వస్తుంది. జడ్జిగారు సాక్ష్యాలు చూసి అటూ ఇటూ చెయ్యవచ్చు, సమయమూ పట్టవచ్చు. అయినా 4 లక్షలెక్కడ, ఇదెక్కడ? మీ గుమ్మంలోకి వచ్చినవాళ్ళకు ఈ లెక్క మీకంటే బాగా తెలుసు. అందుకే వచ్చారు.

2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా మోటారు ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్లో దరఖాస్తు పడాలి. మీకు రెండు నెలలు అప్పుడే అయిపోయాయి. ప్రమాదం ఆంధ్రాలో జరిగిందని శ్రీకాకుళం కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు. మీరు ఉండే ఊళ్ళోనే వేసుకునే హక్కు మోటారు వాహనాల చట్టం ఇచ్చింది, కాబట్టి బరంపురం కోర్టులోనే వెయ్యండి. లాయరు ఫీజుకు భయపడకండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. వచ్చిన దాంట్లో సగం మాకు అనే బ్రోకర్లను గుమ్మంలోంచే పంపెయ్యండి.

దరఖాస్తులో లారీ ఓనరు, లారీ ఇన్సూరెన్స్ కంపెనీతో పాటు ఆ స్నేహితుడినీ, అతని కారు ఇన్సూరెన్స్ కంపెనీనీ చేర్చాలని లాయరు అంటారు. ఇది మీకు కష్టంగా ఉంటుంది. అతనూ ఆ రోజు నుంచి నిద్రపోయి ఉండడు. మీ అత్తగారు "వాడి మీద కేసేంటి" అంటారు. ఆవిడకు నెమ్మదిగా చెప్పండి: లైసెన్సు, పాలసీ సరిగ్గా ఉంటే డబ్బు ఇచ్చేది కంపెనీ, అతని జేబులోంచి పోదు. తప్పు రెండు బండ్లదీ అని తేలితే, వెనక కూర్చున్నవారి కుటుంబం పూర్తి పరిహారం ఎవరి నుంచైనా వసూలు చేసుకోవచ్చు. అందుకే ఇద్దరి పేర్లూ ఉండాలి. కారు పాలసీ ప్యాకేజీ పాలసీయా, వట్టి థర్డ్ పార్టీయా అన్నది కూడా చూడాలి. ప్యాకేజీ అయితే లోపల కూర్చున్నవారికీ వర్తిస్తుంది. వీలైతే మీరే అతనికి ముందుగా ఫోన్ చేసి విషయం చెప్పండి. కోర్టు నోటీసు చూసి తెలుసుకోవడం కంటే అది మంచిది.

సరిహద్దు దగ్గర ఉండే మనలాంటివాళ్ళకు కాగితాలే పెద్ద తలనొప్పి. నేనూ ఈ ఊరివాణ్ణే, ఇలాంటి ఫైళ్ళు చాలా చూశాను. మరణం ఎక్కడ జరిగితే డెత్ సర్టిఫికెట్ అక్కడే ఇస్తారు. బరంపురం మున్సిపల్ కార్పొరేషన్ ఇవ్వదు. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, పంచనామా సర్టిఫైడ్ కాపీలు మీ దగ్గరుంటే మేలు. లేకపోతే అక్కడి స్టేషన్ నుంచే తెచ్చుకోవాలి. అవి తెలుగులో ఉంటే ఇక్కడి కోర్టు కోసం ఇంగ్లీషులోకి మార్పించి నోటరీ చేయించాలి. వారసుల సర్టిఫికెట్ మాత్రం మన తహసీల్దారు ఇస్తారు. అన్నిటికంటే ముందు పేరు చూసుకోండి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి ఆఫీసుల్లో చివర రాస్తారు. ఆయన ఆధార్లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్లో ఒకలా, జీతం కాగితంలో మరోలా ఉంటే ఒక్క అక్షరం తేడాకే క్లెయిము నెలలు ఆగుతుంది. ఆ పేర్లన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ ఇప్పుడే చేయించండి.

ఇప్పుడు ఆయన బ్యాంకు పాస్‌బుక్ తియ్యండి. ఎంట్రీలు వేయించి, మే నెలాఖరు, జూన్ మొదటి రోజుల వరసలు వేలు పెట్టి చూడండి. 20 రూపాయలు కట్ అయి ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాద మరణానికి 2 లక్షలు. 436 కట్ అయి ఉంటే జీవన్ జ్యోతి బీమా, ఇంకో 2 లక్షలు. ఆయన బతికుండగా మీతో ఈ మాట అని ఉండరు. ఎవరూ అనరు, ఎప్పుడో బ్యాంకువాళ్ళు సంతకం పెట్టమంటే పెట్టేసి ఉంటారు. రూపే ఏటీఎం కార్డుంటే దానికీ ప్రమాద బీమా ఉండవచ్చు, కాకపోతే ప్రమాదానికి ముందు కొన్ని రోజుల్లోపు ఆ కార్డు వాడి ఉండాలి. వీటిలో వేటికైనా బ్యాంకుకు ఆలస్యం చెయ్యకుండా చెప్పాలి, ఈ వారమే వెళ్ళండి. ఎల్ఐసీ ఇచ్చిన 5 లక్షలు అసలు పాలసీ డబ్బేనా, ప్రమాద రైడరు (ప్రమాద మరణానికి అదనంగా ఇచ్చే బీమా) విడిగా ఉందా అని బాండు మీద చూడండి. చాలామంది మొదటి చెక్కుతోనే అయిపోయిందనుకుంటారు.

పీఎఫ్ ఉంది కాబట్టి పీఎఫ్ సొమ్ముతో పాటు ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటే ఉద్యోగికి ఉండే జీవిత బీమా) కింద 7 లక్షల వరకు వస్తుంది. ఆయన పీఎఫ్ పెన్షన్ పథకంలో కూడా ఉంటే మీకు నెలనెలా పెన్షన్, పిల్లలిద్దరికీ 25 ఏళ్ళ వరకు విడిగా పిల్లల పెన్షన్ వస్తాయి. ఆయన పనిచేసిన చోటివాళ్ళతో ఫారాలు నింపించండి. అదే రోజు జీతం సర్టిఫికెట్ కూడా తీసుకోండి, ట్రిబ్యునల్లో పైన వేసిన లెక్కంతా ఆ కాగితం మీదే నిలబడుతుంది.

చేతిలో ఉన్న 5 లక్షల సంగతి. ఇంటిఖర్చు 25 వేలనుకుంటే, లోన్ వాయిదాతో కలిపి నెలకు 38,500. ఏడాదికి 4,62,000. అంటే ఈ డబ్బు మీకు ఒక ఏడాది ఊపిరి. దీన్ని లోన్లో వేస్తే బ్యాంకు తిరిగి ఇవ్వదు, వచ్చే నెల వాయిదా మాత్రం అడుగుతుంది. పైగా లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకులు చాలాసార్లు బీమా కూడా అంటగడతాయి. లోన్ స్టేట్‌మెంటులో మొట్టమొదటి నెల చూడండి, ప్రీమియం పేరుతో ఏదైనా కట్ అయి ఉంటే ఆ బీమాయే లోన్ తీర్చేయవచ్చు. అది తేలేదాకా వాయిదాలు మాత్రం ఆపకండి. బావగారి ఆలోచన తప్పు కాదు, పరిహారం వచ్చాక లోన్ తీర్చేద్దాం. ఇప్పుడు మాత్రం రెండు నెలల ఖర్చు సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది లక్ష చొప్పున మూడు, నాలుగు ఎఫ్‌డీలుగా వెయ్యండి, అవసరమైతే ఒక్కటే తీసుకోవచ్చు. బంగారం ఇప్పుడు వద్దు. రెండు రూపాయల వడ్డీ మాట అసలు వినకండి. అసలు ఇవ్వకపోతే వెంటపడి అడిగి తెచ్చుకునే స్థితిలో మీరు లేరని అడిగేవాళ్ళకు తెలుసు.

ట్రిబ్యునల్ ఇచ్చే పెద్ద మొత్తంలో పిల్లల వాటాను కోర్టే ఎఫ్‌డీల్లో వేయిస్తుంది. మీ వాటా వచ్చాక మళ్ళీ రాయండి. పోస్టాఫీసు నెలసరి ఆదాయం లాంటివి అప్పుడు వివరంగా కూర్చుని చూద్దాం.

బాబు కారు దగ్గరికి రాకపోవడం గురించి. బలవంతం చెయ్యకండి. 14416 టెలి మానస్‌కు ఫోన్ చేస్తే ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు, ఒడియాలోనూ మాట్లాడతారు. మన ఎంకేసీజీ ఆస్పత్రిలో మానసిక వైద్యుల విభాగం ఉంది, ఒకసారి తీసుకెళ్ళండి. మీరూ మాట్లాడండి. కానీ ఏదో ఒక రోజు ఏ టాక్సీయో, మామయ్య కారో ఎక్కక తప్పదు. ఆ రోజు వాడే ముందు బెల్టు పెట్టుకుని, చెల్లికి పెట్టేలా చెయ్యండి. తన చేతిలో ఏదో ఉందన్న ధైర్యం వాడికి వస్తుంది.

ఎక్కేముందు వెనక సీటు చూడండి. మన దగ్గర టాక్సీల్లో సీటు కవరు కింద బెల్టు తాళం నొక్కుకుపోయి ఉంటుంది. కవరు ఎత్తి, చెయ్యి లోపలికి పెట్టి బయటికి లాగాలి. డ్రైవరు విసుక్కున్నా లాగించండి. వెనక కూర్చున్నవారికీ బెల్టు తప్పనిసరి, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలోనే ఉంది. పాప పొట్టిగా ఉంటే కింది పట్టీ పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండేలా సర్దండి, పై పట్టీ మెడకు తగలకూడదు. తగిలితే బూస్టర్ సీటు (పిల్లల్ని కాస్త ఎత్తులో కూర్చోబెట్టే సీటు) కొనాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు ఒక్కసారిగా ఆగితే లోపలి మనిషికి అది 25 మీటర్ల ఎత్తు నుంచి, అంటే ఎనిమిది అంతస్తుల మీంచి పడ్డంత దెబ్బ. చేత్తో ముందు సీటు పట్టుకుని ఆపుకోగలం అనుకుంటాం, ఎవరి వల్లా కాదు. 2022లో మన దేశంలో బెల్టు పెట్టుకోక 16,715 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్ళలో సగం మంది డ్రైవర్లు కాదు, పక్కనా వెనకా కూర్చున్నవాళ్ళు. బెల్టు పెట్టుకోకుండానే అలారం ఆపే క్లిప్పులు ఆన్‌లైన్లో అమ్ముతుంటే 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వాటిని తీయించాల్సి వచ్చింది. మీ చుట్టాల కార్లలో అలాంటి క్లిప్పు కనబడితే మొహమాటపడకుండా పీకి పారెయ్యండి. మీకు జరిగింది తెలిసిన ఎవరూ మిమ్మల్ని ఒక్క మాట అనరు.

టెక్కలి నుంచి కాగితాలు తేవడానికి మీరు ఆ రోడ్డు మీద వెళ్ళనవసరం లేదు. ఆథరైజేషన్ లెటరు ఇచ్చి బావగారిని పంపవచ్చు. మీరే వెళ్ళక తప్పదని స్టేషన్‌లో అంటే, బరంపురం నుంచి వీలైనంత దూరం రైల్లోనే వెళ్ళండి, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు చేతికి రాగానే రెండేసి జిరాక్సులు తీయించి, ఒక సెట్టు లాయరుకు ఇచ్చి, రెండోది మీ బీరువాలో పెట్టుకోండి.