బీఆర్క్ చదివితే సైట్లకి ఎవరు తీసుకెళ్తారు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. చిన్నప్పటి నుంచి వీల్‌చెయిర్ వాడుతుంది. వికలాంగులకు అనువైన భవనాలు కట్టించే పని చేస్తానని, అందుకు బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చదువుతానని ఒకటే పట్టు. మొన్న పరీక్ష రాసొచ్చి పేపర్ గురించి చెప్పకుండా, ఆ కాలేజీ ర్యాంపు బొమ్మ గీసి చూపించింది. సైట్లకి ఎవరు తీసుకెళ్తారు? సీఎస్ఈ అయితే ఇంటి నుంచే పని చేసుకోవచ్చు కదా. భవనాలు వికలాంగులకు అనువుగా ఉన్నాయో లేదో తనిఖీ చేసే యాక్సెసిబిలిటీ ఆడిటర్ కోర్సులు కూడా ఆన్‌లైన్‌లో ఉన్నాయంటున్నారు. మూడింటిలో ఏది మంచిది?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: పోల్చి చెప్తాను గానీ, ముందు ఒక మాట అననివ్వండి. మీరు వెతుకుతున్నది అమ్మాయి గడప దాటక్కర్లేని ఉద్యోగం. ఇలా అడిగే తల్లిదండ్రులను చాలామందిని చూశాను. మా తర్వాత ఎవరు చూసుకుంటారన్న బెంగే అందరిదీ. ఆ బెంగ అర్థమవుతుంది, కానీ కాస్త కోపం కూడా వస్తుందండీ. ఊళ్లో మెట్లున్నాయని పిల్లను ఇంట్లో కూర్చోబెడతారా? మెట్లు తీయించే పని చేస్తానంటున్న పిల్లని!

నాకు అసలు అనుమానం ఆ ఆడిటర్ కోర్సుల మీద. ఈమధ్య వీటికి మోజు పెరిగింది. కొన్ని నెలల్లో సర్టిఫికెట్, తర్వాత కన్సల్టెంట్ అని కార్డు. ఆర్కిటెక్టులకు ఉన్నట్టు వీళ్లకు ఒక కౌన్సిల్ లేదు. పని వస్తుందా అంటే, అది చట్టం ఎంత గట్టిగా అమలైతే అంత. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, అనుకూలంగా లేని ప్లాన్‌కి అనుమతే ఇవ్వొద్దంటుంది. కానీ కొలతలు ఆచరణలో సిఫార్సుల్లాగే ఉండిపోయాయి. 2024 నవంబరు 8న రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు, ఆ చట్టం కింద చేసిన 2017 నిబంధనల్లో 15(1) చట్టానికే విరుద్ధమని తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు పెట్టడానికి కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది. ఆ కేసులో కోర్టుకి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే. దారి తెరుచుకుంటోంది, నిజమే. అయినా ఆడిట్ అంటే కట్టేశాక తప్పులు రాసివ్వడం. ఆ రిపోర్టులు ఎన్ని ఫైళ్లలో పడి ఉంటాయో ఆఫీసుల్లో పనిచేసేవాళ్లని అడగండి.

ర్యాంపు సంగతే చూడండి. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి. ఆరంగుళాల మెట్లు మూడుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు. మనవాళ్లు ఆరేడు అడుగుల్లో ముగిస్తారు. ఎక్కేటప్పుడు ఇద్దరు నెట్టాలి, దిగేటప్పుడు బండి ఆగదు. పైకి చేరితే తలుపు ముందు తిరగడానికి జాగా ఉండదు. వికలాంగుల టాయిలెట్ అని బోర్డున్న గదిలో చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు. ప్లాన్‌లో పద్దెనిమిది అడుగులు వదలకపోతే, కట్టాక ఏ ఆడిటర్ వచ్చి స్థలం తెస్తాడు? కాబట్టి ముందు గీసే చదువు చదవనివ్వండి. ఆడిట్ సర్టిఫికెట్ తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

బీఆర్క్ తేలికని చెప్పను. ఐదేళ్లు, రాత్రుళ్లు డ్రాయింగులు, సర్వేలు. కట్టే భవనంలోకి వీల్‌చెయిర్ వెళ్లదు, ఆ రోజుల్లో ఫొటోలు, వీడియోలతో సరిపెట్టుకోవాలి, లేదా తోటి విద్యార్థుల సాయం తీసుకోవాలి. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోలిస్తే తక్కువే. మీరు అడగని దారి ఇంకోటుంది, బీ ప్లానింగ్, అంటే ఊళ్లు, నగరాల ప్రణాళిక చదువు. నాలుగేళ్లు. విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్)లో ఉంది, హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీటెక్ ప్లానింగ్ పేరుతో ఉంది. ఫుట్‌పాత్, బస్టాపు, రోడ్డు దాటే చోటు, ఇవన్నీ అందులోకి వస్తాయి. మెట్రో స్టేషన్లో లిఫ్టుంది, కిందికి దిగాక ఫుట్‌పాత్ మీద బైకులుంటాయి. ఆ బైకుల సంగతి చూడాల్సింది ప్లానర్లే. అమ్మాయికి ఈ దారి గురించి తెలుసో లేదో, చెప్పి చూడండి.

సీఎస్ఈ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెబ్‌సైట్లు, యాప్‌లు వికలాంగులకు పనికొచ్చేలా చేసే ఉద్యోగాలున్నాయి. 2025 జూన్ 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లో చాలా సేవలకు అది తప్పనిసరి అయింది, అక్కడి క్లయింట్లున్న కంపెనీలకు ఆ పని తెలిసినవాళ్లు కావాలి. ఆమెకి ఇష్టమైతే మంచిదే. ఇష్టం లేదని మీ ఉత్తరమే చెప్తోంది. పైగా ఇంటి నుంచే పని అన్న రోజులు పోతున్నాయి, కంపెనీలు ఆఫీసుకి రమ్మంటున్నాయి.

ఈ కోర్సుల ప్రవేశ పరీక్షలు నాటా, జేఈఈ పేపర్-2 వివరాలు ఆమెకి నాకంటే బాగా తెలిసే ఉంటాయి. 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ విద్యాసంస్థల్లో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. సదరం సర్టిఫికెట్ గడువు ఇప్పుడే చూసుకోండి, యూడీఐడీ (వికలాంగుల జాతీయ గుర్తింపు) కార్డు లేకపోతే అప్లై చేయండి. కౌన్సెలింగ్‌కి ముందు మీరిద్దరూ కాలేజీలకి వెళ్లి చూడండి. స్టూడియో ఏ అంతస్తులో ఉంది, లిఫ్టు నడుస్తోందా, హాస్టల్లో కింది గది ఇస్తారా, టాయిలెట్ తలుపులోంచి ఆమె వీల్‌చెయిర్ పడుతుందా? విద్యాసంస్థలు వీటిని సమకూర్చాలని చట్టంలోనే ఉంది, అందుకని మొహమాటపడకండి. కాగితం మీద రాసి ఇమ్మనండి. ప్రిన్సిపాల్‌తో మాట్లాడేది మాత్రం అమ్మాయే, మీరు పక్కన ఉంటే చాలు.