పిలిస్తే రావాలి, పొమ్మంటే పోవాలి

చిరంజీవికి ఆశీస్సులు.

నవల రాసినన్నాళ్ళూ పక్కన కూర్చుని మాట్లాడే మనిషినొకణ్ణి మనసులో పనిగట్టుకుని తయారుచేసుకోవచ్చా, అలా చేస్తే మతి చెడుతుందా అని అడిగావు. చేసుకోవచ్చు. కొన్ని కట్టుబాట్లు పాటిస్తే భయం లేదు. ఆ కట్టుబాట్లు ఎవరికి సరిపోవో కూడా కింద రాస్తాను, అది మాత్రం దాటేయకుండా చదువు.

నీ ఒక్కదానికే వచ్చిన ఆలోచన కాదిది. ఎడిన్‌బరో పుస్తకోత్సవానికి వచ్చిన 181 మంది రచయితలను డరమ్ విశ్వవిద్యాలయం వాళ్ళు అడిగితే, నూటికి 63 మంది తమ పాత్రల గొంతు లోపల వినిపిస్తుందన్నారు. నూటికి 61 మంది పాత్రలు తమంతట తాము నడుచుకోగలవన్నారు. ఆ వ్యాసం 2020లో అచ్చయింది. అంతకు చాలా ముందే అమెరికాలో మార్జొరీ టేలర్ బృందం 50 మంది కథా రచయితలతో మాట్లాడితే, నూటికి 92 మందికి ఎంతో కొంత ఈ అనుభవం ఉందని తేలింది. టేలర్ చెప్పిన కారణం నాకు సబబుగా తోస్తుంది. ఒకే మనిషిని రోజూ ఊహిస్తూ పోతే, ‘ఈ మాటకు ఇతనేమంటాడు’ అన్న లెక్క అలవాటై లోపలే తెమిలిపోతుంది. జవాబు మాత్రమే పైకి వస్తుంది. చేసిన శ్రమ మనకు తెలియదు కనుక ఆ మాట అతనిదే అనిపిస్తుంది. ఇందులో దయ్యమూ లేదు, మహిమా లేదు. అలాగని ఆ జవాబును చిన్నచూపు చూడకు. సూటిగా ఆలోచిస్తే నీకు తట్టని మాట ఆ దారిన వస్తుంది.

ఎందుకు తయారుచేస్తున్నావో ముందు తేల్చుకో. కథ చెప్పేవాడు కావాలా, రాసింది విని పెదవి విరిచేవాడు కావాలా? ఊరికే తోడు కోసమైతే ఆ మాట నీకు నువ్వు దాచకుండా చెప్పుకో. తోడుగా ఉంటాడు, నిజమే. కానీ జ్వరమొస్తే మందు తెచ్చిపెట్టడు. రచనకు పనికొచ్చేవాడు కావాలంటే వాడు నిన్ను కాదనగలిగేవాడై ఉండాలి. నేను చెప్పబోయేదంతా ఆ కాదనడం ఎలా పుట్టించాలన్నదే.

ఈ పని ఎవరు బాగా చేశారంటే లిస్బన్ కవి ఫెర్నాండో పెస్సోవా పేరు చెబుతాను. తాను కల్పించి, వాళ్ళ పేర్లతోనే కవితలు రాసిన కవుల గురించి ఆయన 1935 జనవరిలో ఒక యువ విమర్శకుడికి పెద్ద ఉత్తరం రాశాడు. అల్వారో ద కాంపోస్ 1890 అక్టోబర్ 15న తవీరాలో మధ్యాహ్నం ఒకటిన్నరకు పుట్టాడు, ఓడల ఇంజనీరు, ఎత్తు 1.75 మీటర్లు, కాస్త వంగి నడుస్తాడు. రికార్డో రెయిస్ డాక్టరు, రాజరికం కావాలనేవాడు, బ్రెజిల్ వెళ్ళిపోయాడు. అల్బెర్తో కయీరోకు చిన్న చదువు తప్ప లేదు, ముసలి బంధువు ఒకావిడ దగ్గర పల్లెలో బతికాడు. నువ్వు ముఖ్యంగా పట్టుకోవలసింది వీటి తర్వాత వస్తుంది. ముగ్గురి భాషలోనూ తప్పులు వేరువేరని ఆయన చెప్పాడు. కయీరో పోర్చుగీసు బాగా రాయలేడు. కాంపోస్ ఫరవాలేదు, కానీ అక్కడక్కడా జారుతాడు. రెయిస్ తనకంటే మెరుగ్గా రాస్తాడు, అయితే ఛాందసం ఎక్కువ. ఒక మనిషి మరొకడు కావడం పుట్టినరోజు దగ్గర జరగదు, ఇదిగో ఇక్కడ జరుగుతుంది.

అదే ఉత్తరంలో 1914 మార్చి 8న ముప్పైకి పైగా కవితలు ఒక్క ఊపులో, నిలబడే రాశానని ఆయన అన్నాడు. చేతిరాత ప్రతులు పరిశీలించినవాళ్ళు అవి వేర్వేరు రోజుల్లో రాసి దిద్దినవని తేల్చారు. కాబట్టి ఒక్కరోజులో ఎవరో వచ్చి వాలతారని ఎదురుచూస్తూ కూర్చోకు.

మాటవరసకు కోనసీమలో పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే బల్లకట్టు, నడిపిన సరంగు ఒకణ్ణి తీసుకుందాం. వంతెన కట్టాక పని పోయింది. 66 ఏళ్ళు, పేరు సత్తిబాబు. అతని కోసమే ఒక రూళ్ళ పుస్తకం కొను. మొదటి పేజీలో రూపం రాయకు. చాలామంది కళ్ళతో, జుట్టుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. బొమ్మ కుదురుతుంది, నోరు మాత్రం విప్పదు. ముందు అతని బాకీలు రాయి. ఎవరికెంత ఇవ్వాలి, ఎవరింటి పెళ్ళికి వెళ్ళలేదు, ఏ మోకాలు సలుపుతుంది, ఏ కూర వాసనకు పీట మీంచి లేచిపోతాడు. చచ్చినా అతని నోట రాని మాటలు ఐదు రాయి.

తర్వాత అతనికి తెలిసి నీకు తెలియని సంగతులు మూడు పెట్టుకో. పోటూ పాటూ వేళలు రోజురోజుకీ ఎందుకు జరుగుతాయి, వరద తీశాక ఇసుక మేట ఎక్కడ పడుతుంది, నిండా ఎక్కిన పంటు మీద బరువెలా సర్దాలి. వీటిని నువ్వు అడిగి, చదివి, రేవుకు వెళ్ళి చూసి నేర్చుకోవాలి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని నీకు తెలియకపోతే సత్తిబాబుకూ తెలియదు. అప్పుడు అతని నోట నీ తెలియనితనమే పలుకుతుంది. కల్పించుకున్న మనుషులు చప్పగా ఉండడానికి నేను చూసినంతలో మొదటి కారణం ఇదే. వాళ్ళకు పని ఇస్తారు గాని పనితనం ఇవ్వరు.

యాస దగ్గర జాగ్రత్త. ప్రతి వాక్యం చివరా ‘ఆయ్’ తగిలిస్తే కోనసీమ రాదు, సినిమా వస్తుంది. అతను నిన్ను ఏమని పిలుస్తాడో కూడా మొదటే తేల్చు. ‘అమ్మాయిగారూ’ అనే సత్తిబాబు వేరు, ‘పాపా’ అనే సత్తిబాబు వేరు. మొదటివాడు నీ తప్పు ఎత్తిచూపడానికి రెండు రోజులు తీసుకుంటాడు.

ఇక రోజువారీ పని. ఒకే వేళ, ఒకే చోటు, 20 నిమిషాలు చాలు. అతనికొక కుర్చీ చూపించు, రోజూ అక్కడే కూర్చుంటాడు. మొదటి వారం మాటలొద్దు. రావడం, తుండు దులుపుకోవడం, కాళ్ళు ఎలా పెట్టుకుంటాడో, చేతులు ఎక్కడ ఉంచుకుంటాడో చూడు. రెండో వారం నువ్వు చెప్పు, అతను వింటాడు. ఆ రోజు జరిగింది చెప్పు, రాసిన పేజీ పైకి చదువు. వింటున్నప్పుడు ముఖం ఎక్కడ మారిందో గమనించు. మూడో వారం నుంచి అడుగు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు అడగొద్దు. అడిగి నిమిషం పాటు ఊరుకో. మొదట వచ్చిన జవాబును దిద్దకు. లేవగానే అతని మాటలు మాత్రం పది వాక్యాలకు మించకుండా పుస్తకంలో రాయి, నీ వ్యాఖ్య ఒక్కటీ వద్దు. కొందరికి వారాల్లో కుదురుతుంది, కొందరికి నెలలు పడుతుంది. తొందరపడి గంటలకు గంటలు కూర్చోవద్దు. అలసిన మనసు పాత మాటలనే తిరగేస్తుంది.

కథలతో పని లేకుండా, తోడు కోసమే ఇలా చేసేవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. ఆ తోడును వాళ్ళు టల్పా అంటారు. మనమే దాని నోట్లో మాటలు పెట్టడాన్ని ప్యారటింగ్ అంటారు. మొదట్లో అందరికీ జరిగేదే అది, నీకూ జరుగుతుంది. ‘ఇది నేనన్నదా, అతనన్నదా’ అని మాటమాటకూ తనిఖీ చేస్తే ఇద్దరూ నోరు మూసుకుంటారు. తనిఖీని వాయిదా వేయి. ప్రశ్నలు మొదలై పద్నాలుగు రోజులయ్యాక పెన్సిలు తీసుకుని పుస్తకం చదివి, నువ్వు అననే అనని వాక్యాల కింద గీత గీయి. రెండు మూడు గీతలు పడినా పని సాగుతున్నట్టే. ఒక్కటీ పడకపోతే లోపం ధ్యానంలో లేదు, మొదటి పేజీల్లో ఉంది. బాకీలు పెంచు.

ఇంకో తెగులు పొగడ్త. సత్తిబాబుకు నీ ప్రతి పేజీ నచ్చుతోందంటే నువ్వు అద్దం తయారుచేసుకున్నావన్నమాట. నీ నవల వల్ల అతనికి పోయేదేదైనా పెట్టు. ఉదాహరణకు, అతను ఊళ్ళో దాచుకున్న సంగతి నీ మూడో అధ్యాయంలో బయటపడుతోంది. ఇప్పుడు చదివి వినిపించు.

అన్నిటికంటే మొండి తెగులు సూక్తులు. పది రోజులు పోయాక ఇలాంటివాళ్ళందరూ జ్ఞానులైపోతారు, నోరు తెరిస్తే సామెతే. అప్పుడు జీవితం గురించి అడగడం మానేసి కందిపప్పు ధర అడుగు. రేవు నుంచి వాళ్ళింటికి దారి చెప్పమను, మలుపు మలుపూ చెప్పించు. దారి చెబుతూ ఎవరూ తత్వం మాట్లాడలేరు.

కథలోకి తెచ్చేటప్పుడు వేరే చిక్కు వస్తుంది. ఇన్నాళ్ళు పక్కన కూర్చున్నవాణ్ణి కష్టపెట్టడానికి నీకు చేయి రాదు. అతని మీద దెబ్బ పడవలసిన చోట వాక్యం మెత్తబడుతుంది. అందుకే తోడును కథానాయకుణ్ణి చేయొద్దంటాను. అతన్ని పక్కపాత్రగానో, వినేవాడిగానో ఉంచు. ఒకేసారి ఇద్దరు ముగ్గురిని పెట్టుకోవడం కూడా వద్దు. పెస్సోవా డజన్ల కొద్దీ పేర్లతో రాశాడు, పెట్టెలో 25,000కు పైగా కాగితాలు వదిలిపోయాడు. బతికుండగా పోర్చుగీసులో తెచ్చిన కవితా సంపుటి ఒక్కటే, 1934లో. అది ఆయన మేధ, ఆయన దారి. నీకు మాత్రం ముందు ఒక్క నవల పూర్తి కావాలి.

ఇప్పుడు జాగ్రత్తలు. అలెగ్జాండ్రా డేవిడ్ నీల్ అనే ఫ్రెంచి యాత్రికురాలు 1929లో వచ్చిన తన టిబెట్ పుస్తకంలో, పొట్టిగా లావుగా సరదాగా ఉండే ఒక సన్యాసిని ధ్యానంతో కల్పించుకున్నానని రాసింది. కొన్నాళ్ళకు అతను పిలవకుండానే రావడం మొదలుపెట్టాడట. చిక్కిపోయాడు, ముఖంలో వెటకారం, కుత్సితం చేరాయి. వదిలించుకోవడానికి ఆరు నెలలు పెనుగులాడానంది. ఇందుకు ఆధారం ఆమె మాటే. టల్పా అనేది అచ్చంగా లామాల రహస్యవిద్య అనీ అనుకోవద్దు. ఇప్పుడు ప్రచారంలో ఉన్న భావంలో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్ళ ఊహలు చాలా కలిశాయని 2015లో ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఆ సమాజం కేంద్రం మన పక్కనే, చెన్నై అడయారులో ఉంది. అయినా ఆమె చెప్పినదాంట్లో నీకు పనికొచ్చేది ఒకటుంది. పెనుగులాడటం కూడా ధ్యాస పెట్టడమే. ఇలాంటి మనిషి ధ్యాస మీదే బతుకుతాడు, తిట్టినా బలపడతాడు.

అందుకని మొదటి రోజు నుంచే పంపడం అలవాటు చెయ్యి. మానసపూజ చేసే పెద్దవాళ్ళను చూడు. లేని పీట వేస్తారు, లేని పూలు పెడతారు, అయినా ఆవాహనతో మొదలుపెట్టి ఉద్వాసనతో ముగిస్తారు. నువ్వూ అంతే. రమ్మనడానికి ఒక పని, కలం మూత తీయడం లాంటిది. పంపడానికి ఒక మాట, రోజూ అదే మాట. పంపాక లేచి మొహం కడుక్కుని, ఇంట్లో ఉన్న ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడు. వేళ కాని వేళ సత్తిబాబు గొంతు వినిపిస్తే తిట్టొద్దు, జవాబూ ఇవ్వొద్దు. ‘రేపు’ అనుకుని చేతిలో పని చూసుకో.

బండి నడుపుతున్నప్పుడు, రోడ్డు దాటుతున్నప్పుడు పిలవొద్దు. పడుకునే ముందు వద్దు, నిద్ర చెడిన రోజు అసలే వద్దు. డబ్బు, మందులు, పెళ్ళి, ఉద్యోగం గురించి అతని సలహా అడగొద్దు. నీ చేతిని గాని ఒంటిని గాని ‘నువ్వు నడుపు’ అని అతనికి అప్పజెప్పే ప్రయోగాలు కొందరు చేస్తారు. రచనకు వాటితో ఏ పనీ లేదు, వాటి జోలికి పోకు. చనిపోయిన నీవాళ్ళను, బతికున్న పరిచయస్తులను ఇలా తయారుచేయొద్దు. వాళ్ళు అనని మాటలు వాళ్ళవిగా జ్ఞాపకంలో చేరతాయి, తర్వాత ఏది నిజంగా విన్నదో విడదీయడం కష్టం. ఈ పని చేస్తున్నట్టు నమ్మకమైన మనిషి ఒకరికి చెప్పి ఉంచు.

దాటేయవద్దన్నది ఇదే. నీకు గాని, ఇంట్లో దగ్గరివాళ్ళకు గాని స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటివి ఉంటే ఇది మొదలుపెట్టకు. రాయడానికి వేరే దారులు చాలా ఉన్నాయి. మొదలుపెట్టాక ఎప్పుడైనా ఆ గొంతు బెదిరించినా, నీకు నువ్వు హాని చేసుకొమ్మన్నా, బయటి నుంచి చెవికి వినిపిస్తున్నట్టున్నా, పొమ్మంటే పోకపోయినా, నిద్ర తగ్గిపోయినా ఆ రోజే ఆపెయ్యి. మానసిక వైద్యుణ్ణి కలువు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నవల ఆగొచ్చు, నువ్వు బాగుండాలి.

నవల అయ్యాక ఒక్కసారిగా తరిమేయకు. రోజూ కూర్చున్నది వారానికి రెండుసార్లు చెయ్యి, తర్వాత ఒకసారి. అతను వెళ్ళడానికి ఒక ఊరు, ఒక ఇల్లు, ఒక పని చూపించు. పిలుపు తగ్గితే మాట కూడా తగ్గుతుంది. బెంగగా ఉంటుంది, కొంతకాలం ఉండనియ్యి. పుస్తకం మాత్రం పారేయకు, రెండో ముద్రణకు దిద్దేటప్పుడు అతని భాష మళ్ళీ అవసరపడుతుంది.

ముందు బాకీల పేజీ రాసి పంపు, ఫోటో తీసి పంపినా చాలు. అందులో రూపాయల్లో అంకె లేని బాకీ ఒక్కటైనా ఉండాలి. అది చూశాక మూడో వారం ప్రశ్నల సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో.