బీటెక్ చదివి చెత్త డబ్బాలు కడుగుతానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ బీటెక్ పూర్తిచేశాడు. విజయవాడలో హోటళ్లు, ఫంక్షన్ హాళ్ల చెత్త డబ్బాలు కడిగే వ్యాపారం పెడతానంటున్నాడు. అమెరికా వీడియోలు చూసి పెద్ద బండి కొనమంటున్నాడు. నేనేమో డేటా సైన్స్ కోర్సులో చేర్చాలనుకుంటున్నాను. ఏది మేలు? చుట్టాలకు ఏం చెప్పుకోవాలి?

జవాబు: మీరు చివర్లో అడిగిందే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నట్టుంది. మీ అబ్బాయి కడిగితే పరువు పోతుంది, రేపు కూలికి వచ్చే మనిషి కడిగితే పోదు. ఇదేం లెక్కండీ? చుట్టాలకు ఉన్నదున్నట్టే చెప్పండి. మీరు తలదించుకుని చెబితేనే వాళ్లు చిన్నచూపు చూస్తారు.

బండి విషయంలో మాత్రం మీ భయం నిజమే. అమెరికాలో చాలా ఇళ్లకు సొంత చక్రాల డబ్బా ఉంటుంది. చెత్త లారీ ఖాళీ చేసి వెళ్లాక కడిగే బండి వస్తుంది. మన ఇంట్లో ఉండేది బకెట్టంత డబ్బా. మున్సిపాలిటీ బండి రాగానే అందులో వంపి, మనమే కుళాయి కింద కడిగేసుకుంటాం. ఇళ్ల మీద ఈ వ్యాపారం నడవదు. నడిచేది 240, 660, 1,100 లీటర్ల డబ్బాలుండే హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, పెద్ద అపార్ట్‌మెంట్ల దగ్గరే. ఆసుపత్రుల్లో మామూలు చెత్త డబ్బాలే ఒప్పుకోవాలి. పసుపు, ఎరుపు డబ్బాలకు బయోమెడికల్ నిబంధనలున్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

డబ్బా ఎత్తే యంత్రమున్న బండికి లక్షలు పోయనక్కర్లేదు, ప్రెషర్ వాషర్ పెట్టిన పాత ట్రాలీ ఆటో చాలు. అయితే బరువు చూసుకోవాలి. 240 లీటర్ల డబ్బాకు 15-20 లీటర్ల నీళ్లు పడతాయి. 50 డబ్బాలంటే నీళ్ల బరువే ముప్పావు టన్ను నుంచి టన్ను దాకా. టాటా ఏస్ లాంటి బండి మోసేది సుమారు 750 కిలోలు. అందుకని 500 లీటర్ల ట్యాంకు పెట్టి, మిగతా నీళ్లు హోటల్లోనే పట్టుకోవాలి. అది ఒప్పందంలో రాయించుకోవాలి.

చెత్త ఎత్తిన గంటలోపు కడగడానికి వెళ్లాలి. డబ్బా నిండుగా ఉంటే ఆ ట్రిప్పు వృథా. అడుగున అంటుకున్నది గీకి సంచిలో వేసి, జిడ్డు వదిలించే ద్రావణం చల్లి పది నిమిషాలు నాననివ్వాలి. తర్వాత పైఅంచు నుంచి కిందికి ప్రెషర్‌తో కడగాలి. ఆఖరికే బ్లీచింగ్ ద్రావణం, మరో పది నిమిషాలు. జిడ్డు పోకముందే బ్లీచింగ్ వేస్తే దాని శక్తి ఆ మురికిలోనే అయిపోతుంది. యాసిడ్‌తో మాత్రం ఎన్నడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. మర్నాడే మళ్లీ వాసన వచ్చిందంటే మూత లోపలి అంచు, చక్రాల ఇరుసు వదిలేశారన్నమాట, లేదా తడిగానే మూత వేశారు. కడిగిన నీళ్లు జాలీలో వడకట్టి మురుగు డ్రైనేజీలోకే పంపాలి, వాననీటి కాలువలోకి కాదు. ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. మందపాటి గ్లౌజులు, గమ్ బూట్లు, ముఖానికి షీల్డ్, టెటనస్ టీకా మీ అబ్బాయికీ, పనివాళ్లకూ ఉండాల్సిందే.

ధర డబ్బాల సంఖ్య మీద మాత్రమే వేస్తే మునుగుతాడు. ఉదాహరణకు ఇద్దరు మనుషులు, డీజిల్, కడిగే మందులు, యంత్రం అరుగుదల కలిపి రోజుకు రూ.3,500 అనుకోండి. దగ్గరదగ్గరగా 50 డబ్బాలు దొరికితే ఒక్కోదానికి ఖర్చు రూ.70, దాన్ని రూ.100కి ఇవ్వొచ్చు. ఊరంతా తిరిగి 25 కడిగితే ఖర్చే రూ.140. కాబట్టి ముందు ఒకే రోడ్డు మీద ఖాతాదారులను వెతకాలి, ఒక్కో చోటికి కనీస చార్జీ పెట్టాలి. మురికి గట్టిపడిన డబ్బాకు మొదటిసారి రెట్టింపు తీసుకోవాలి. ఎండాకాలంలో ఈగ గుడ్డు నుంచి పెరిగేందుకు వారం, పది రోజులు చాలు. నెలకోసారి కడిగి ఈగలుండవని మాటిస్తే ఆ హోటల్ రెండో నెల ఉండదు. వంటగది డబ్బాలకు వారానికోసారి అని ముందే చెప్పాలి.

డేటా సైన్స్‌తో పోల్చమన్నారు. గణితం, కోడింగ్ మీద ఇష్టమున్నవాడికి అది మంచి దారి. మీ అబ్బాయికి ఆ ఇష్టం ఉందని మీరెక్కడా రాయలేదు. ఆ కోర్సు వచ్చే ఏడాదీ ఉంటుంది. మెకానికల్ చదివిన కుర్రాడు పంపు, నాజిల్, ట్యాంకు తనే అమర్చుకుని ఖర్చు తగ్గించుకోగలడు, ఆ చదువు వృథా కాదు. కంగారు పడకండి. మూడు నెలలు అద్దె బండితో రెండు హోటళ్లు, ఒక ఫంక్షన్ హాలు చేయనివ్వండి. ప్రతి శనివారం లెక్కల పుస్తకం మీరే చూడండి. బండికి అప్పు మాత్రం అప్పటిదాకా వద్దు.