పేదరికం కంటే ముందు అప్పు సంగతి చూడండి

మనుషుల అక్రమ రవాణాకు పేదరికమే కదా కారణం, ఇన్ని చట్టాలుండీ ఎందుకు ఆగడం లేదని అడిగారు. అలా రవాణా అయి, బలవంతపు చాకిరీ నుంచి బయటపడ్డవాళ్లు తలదాచుకునే ఒక ఆశ్రయ కేంద్రంలో కొన్నాళ్లు దుబాసీగా పనిచేశాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

పేదరికం కారణం కాదనను. కానీ అక్కడికి వచ్చినవాళ్లలో పూట గడవనివాళ్ల కంటే, ఎక్కడో ఒకచోట అప్పు పుట్టించుకోగలిగినవాళ్లే ఎక్కువ. పని ఇప్పించే ఏజెంటుకు కట్టడానికి వడ్డీకి తెచ్చిన ఆ డబ్బే వాళ్లను కట్టిపడేసింది. ఒకాయన జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి చూపించాడు. ప్రతి నెలా పైన జీతం, కింద కోతలు: మంచానికి ఇంత, తిండికి ఇంత, పనికి తీసుకెళ్లే వ్యానుకు ఇంత, జ్వరంతో పడుకున్న రోజులకు జరిమానా ఇంత. నెలనెలా బాకీ పెరుగుతోందే కానీ తగ్గింది లేదు. ఆయన ఉన్న గదికి తాళం కూడా వేసేవారు కాదట. మరి వెళ్లిపోవచ్చుగా అని అధికారి అడిగితే, “వెళ్తే అప్పెవరు తీరుస్తారు? ఇంటి కాగితాలు వడ్డీ వ్యాపారి దగ్గరున్నాయి” అన్నాడు.

‘ఇష్టపడే వచ్చాడుగా’ అనే మాట అక్కడ తరచూ వినేవాణ్ణి. మనుషుల అక్రమ రవాణాను అరికట్టడానికి 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందం, పాలెర్మో ప్రోటోకాల్ ప్రకారం అది చెల్లదు. మోసమో, బెదిరింపో, నిస్సహాయతను వాడుకోవడమో ఉంటే బాధితుడు ఒప్పుకున్నా లెక్కలోకి రాదు. పిల్లల విషయంలో మోసాన్ని రుజువు చేయాల్సిన పని కూడా లేదు. ఇక, అక్రమ రవాణా అంటే వ్యభిచార కూపాలే అనుకోకండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021 అంచనాలో బలవంతపు చాకిరీలో ఉన్నవాళ్లు 2.76 కోట్ల మంది. అందులో లైంగిక దోపిడీకి గురైనవాళ్లు 63 లక్షలు. మిగతావాళ్లలో చాలామంది పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, భవన నిర్మాణాల్లో, ఇళ్లలో పనిచేస్తున్నవాళ్లు.

విధానాల్లో నాకు అన్నిటికంటే చెడ్డగా కనిపించేది, వీసాను ఒకే యజమానికి ముడిపెట్టడం. పని మానేస్తే దేశంలో ఉండే హక్కే పోతుందంటే ఎవరు నోరు తెరుస్తారు? రెండోది, పోలీసులకు సాక్ష్యం చెబితేనే రక్షణ అనే షరతు. ఇంటి దగ్గర భార్యాపిల్లలు ఏజెంటు మనుషుల కళ్లెదుటే ఉన్నప్పుడు సాక్ష్యం అంత తేలిక కాదు. ఇటలీ 1998 చట్టం ఫిర్యాదు చేయకపోయినా నివాస అనుమతి ఇచ్చే దారి పెట్టింది. అక్రమ రవాణాపై 2005 నాటి యూరప్ మండలి (కౌన్సిల్ ఆఫ్ యూరప్) ఒప్పందం బాధితులకు కనీసం 30 రోజులు కోలుకునే గడువు ఇవ్వాలంటుంది.

వీటికంటే ముందు మూలం దగ్గర కొట్టాలి. పని ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదని, కొన్ని మినహాయింపులతో, 1997లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ 181వ ఒప్పందం చెప్పింది. చాలా దేశాలు దాన్ని ఇంకా ఆమోదించనే లేదు. అరెస్టుల లెక్క చూపించి పని అయిపోయిందనడం మాత్రం బాగా నేర్చుకున్నాయి.

ఏజెంటు జైలుకెళ్లినంత మాత్రాన వడ్డీ ఆగదు. ఎగ్గొట్టిన జీతం వసూలై చేతికి రావాలి, సబ్ కాంట్రాక్టరు మాయమైతే పెద్ద కంపెనీ కట్టాలి. అది జరగనప్పుడు, ఇంకో ఏజెంటును పట్టుకుని మళ్లీ అదే దారిన వెళ్లినవాళ్లను చూశాను.