అనంతపురం ఎండలో ఉప్పు నురుగు

బొమ్మలు వేసి, ముక్కలు అతికించి చేసుకుంటున్న మీ పుస్తకంలో, సముద్రం పేజీలో నీలి వాటర్‌కలర్‌పై ఉప్పు చల్లినా నురుగు మచ్చలు రావడం లేదని, కాగితం ఉబ్బిపోతోందని రాశారు. మీ చేతిలో లోపమేమీ లేదండీ. అనంతపురం ఎండలకు రంగు నిమిషాల్లో ఆరిపోతుంది, ఆరిన రంగును ఉప్పు పీల్చుకోదు. తెల్లవారుజామునే, ఫ్యాను ఆపి రంగు వేయండి. తడి ఇంకా మెరుస్తూ, నీరు మడుగు కట్టకుండా ఉన్నప్పుడే రాళ్ల ఉప్పు చల్లాలి. ఒక్కో రాయి చుట్టూ తెల్లని మచ్చ మెల్లగా విచ్చుకుంటుంటే ప్రాణం లేచి వస్తుంది! పూర్తిగా ఆరాకే దులపండి.

నోటుపుస్తకం కాగితం వద్దు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే మందపాటి) వాటర్‌కలర్ కాగితంపై వేసి, తర్వాత పుస్తకంలో అతికించండి. అలల అంచున ముందే తెల్ల కొవ్వొత్తి రుద్దితే అక్కడ రంగు అంటదు. పాత పటాల ముక్కలు, గాజుగుడ్డ మాత్రం ఉప్పు దులిపాకే అతికించండి, లేకపోతే జిగురు సరిగా పట్టదు.