మనవల కోసం మేడ మీద గది కట్టించనా?

ప్రశ్న: నా వయసు 68. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. భీమిలిలో సముద్రానికి కూతవేటు దూరంలో సొంత ఇల్లు. మావారు పోయి నాలుగేళ్లయింది. పెన్షన్ 38 వేలు, నా ఖర్చులు 24 వేలు. పట్టణ సహకార బ్యాంకులో 14 లక్షల ఎఫ్‌డీ ఉంది, నవంబరులో గడువు తీరుతుంది. అబ్బాయి కుటుంబం డల్లాస్‌లో, అమ్మాయి కుటుంబం హైదరాబాద్‌లో. అందరూ జూన్ మొదట్లో వస్తారు, సంక్రాంతికి అమ్మాయి వాళ్లు మళ్లీ వస్తారు. పోయినసారి ఉక్కపోతకు పిల్లలు నిద్రపోలేక నాలుగు రాత్రులు రిసార్టుకు వెళ్లిపోయారు. మేడ మీద ఏసీ గది, బాత్రూమ్ కట్టడానికి మేస్త్రి 9 లక్షలు చెప్పాడు. అబ్బాయేమో ఇల్లు అమ్మేసి హైదరాబాద్ వెళ్లిపొమ్మంటున్నాడు. పోయినేడు పిల్లల రాకపోకలకే 85 వేలు అయింది. తప్పు చేస్తున్నానా?

జవాబు: అమ్మా, మీరు ఉత్తరంతో పంపిన పద్దుల పుస్తకం ఫొటోలు రెండుసార్లు చదివాను. పాలు, మామిడిపళ్లు, గ్యాస్ బండ, పనమ్మాయికి అదనంగా ఇచ్చింది, ఆటోలు, అన్నీ తేదీలతో సహా రాశారు. నాలుగు రాత్రుల రిసార్టు బిల్లు అబ్బాయే కట్టినా, ఆ తేదీల పక్కన మీరు ఏమీ రాయకుండా ఖాళీ వదిలేశారు. మీ ప్రశ్నంతా ఆ ఖాళీలోనే ఉందనిపించింది.

ముందు తప్పు సంగతి. 85 వేలను పన్నెండు నెలలకు పంచితే నెలకు 7,100 దాకా వస్తుంది. పెన్షన్‌లో నెలనెలా మీకు 14 వేలు మిగులుతున్నాయి. అంటే పిల్లల రాకకు అయ్యేది మీ మిగులులో సగం. ఇది దుబారా కాదు, మీ బతుకులో ఉన్న ఖర్చు. ఒక్క జూన్‌లోనే బరువంతా పడుతోంది కాబట్టి కొండంతగా కనిపిస్తోంది. పెన్షన్ పడ్డ రోజే 7 వేలు వేరే ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకులో చెప్పి పెట్టండి. అప్పుడు జూన్‌లో తీసేది దాని కోసం దాచిన డబ్బే అవుతుంది.

ఆ పుస్తకంలో చేపలకు 11 వేలు రాసి, కింద గీత గీశారు. ఎక్కువైందని కాబోలు. ఎందుకు ఎక్కువైందో నాకంటే మీకే బాగా తెలుసు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. పిల్లలు దిగేది సరిగ్గా ఆ చివరి పదిహేను రోజుల్లో. చిన్న తెప్పల మీద వచ్చే కాస్త సరుకుకే అందరూ ఎగబడతారు, వంజరం ధర చుక్కల్లో ఉంటుంది. కావాలంటే మొదటి రెండు వారాలు రొయ్యలూ, ఎండుచేపల పులుసూ వండి, వంజరం 15 తర్వాత కొనండి. అంతకుమించి ఆ పద్దు నేను ముట్టుకోను. పొద్దున్నే మనవణ్ణి వేలు పట్టుకుని తీరానికి తీసుకెళ్లి, చేపలమ్మ దగ్గర బేరం ఆడించడం మీరు ఉత్తరంలో రాశారు కదా. దాన్ని తగ్గించమనే సలహా నా దగ్గర లేదు.

ఇక మేడ మీద గది. దీనికి మాత్రం వద్దనే అంటాను.

మా అమ్మమ్మది ఉప్పాడ. అక్కడ ఇళ్లు ఒకటొకటిగా సముద్రంలోకి జారిపోవడం చిన్నప్పటి నుంచి చూశాను. అందుకే తీరాన ఇటుకల మీద డబ్బు పెట్టమని నాకు తేలిగ్గా నోరు రాదు. భీమిలి పరిస్థితి అంత దారుణం కాకపోవచ్చు, కానీ ఉప్పుగాలి మీ గేటునూ కిటికీ ఊచలనూ ఏం చేస్తోందో మీ పుస్తకంలో రంగుల ఖర్చే చెబుతోంది. గది కడితే ఆ ఖర్చు పెరుగుతుంది. సముద్రం పోటు నీరు చేరే గీత నుంచి 500 మీటర్ల లోపు కట్టడాలకు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి, కాబట్టి అనుమతి సంగతి తేలకుండా మేస్త్రికి అడ్వాన్సు ఇస్తే ఇరుక్కుంటారు. అన్నిటికన్నా ముఖ్యం, ఏడాదిలో ముప్పై రోజులు వాడే గది అది. మిగతా రోజులు దాన్ని తుడిపించడానికి మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కేది మీరు.

అదే 9 లక్షలు ప్రభుత్వ పొదుపు పథకమైన సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేస్తే లెక్క చూడండి. 60 దాటినవారు 30 లక్షల దాకా వేసుకోవచ్చు. ఇది రాసే నాటికి వడ్డీ 8.2 శాతం. మీరు వేసిన రోజు ఉన్న రేటే అయిదేళ్లూ ఉంటుంది. 9 లక్షలకు మూడు నెలలకోసారి 18,450 రూపాయలు, ఏడాదికి 73,800. ఆ వడ్డీ ఏప్రిల్, జులై, అక్టోబర్, జనవరి మొదట్లో పడుతుంది. జనవరిది సంక్రాంతికి, ఏప్రిల్‌ది పిల్లల రాకకు ముందు ఏర్పాట్లకు సరిపోతుంది. అసలు కదలకుండానే పోయినేటి 85 వేలల్లో చాలావరకు వడ్డీతోనే తీరుతుంది. అప్పుడు నెలకు 7 వేలు కాదు, వెయ్యి పక్కన పెట్టినా చాలు, మిగిలింది మీ మందులకూ మీ సరదాలకూ. ఒకటి గుర్తుంచుకోండి: ఏడాది లోపు మూస్తే వడ్డీ దక్కదు. రెండేళ్ల లోపైతే అసలులో 1.5 శాతం, ఆ తర్వాతైతే 1 శాతం కోత పడుతుంది. అందుకే మొత్తం 14 లక్షలూ ఇందులో వేయొద్దంటున్నాను.

మిగిలిన 5 లక్షలు ఆస్పత్రి డబ్బు. మీకు ఈహెచ్ఎస్ (ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు ఉందని రాశారు, మంచిదే. అయినా అర్ధరాత్రి విశాఖ తీసుకెళ్లాల్సి వస్తే ముందు చేతిలో నగదు కావాలి. ఆ అయిదు లక్షలను పెన్షన్ పడే ప్రభుత్వ బ్యాంకులో లక్ష చొప్పున అయిదు ఎఫ్‌డీలుగా వేయండి. అవసరానికి ఒక్కటి తెంపితే మిగతా నాలుగూ కదలవు. ఇన్నాళ్లూ 14 లక్షలూ ఒకే సహకార బ్యాంకులో ఉండటం నాకు ఆందోళనగా ఉంది. అర శాతం వడ్డీ ఎక్కువని అక్కడ వేశారు. కానీ ఏ బ్యాంకయినా మూతపడితే ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుంది. నవంబరులో గడువు తీరగానే డబ్బు మార్చేయండి, రెన్యువల్ కాగితం మీద సంతకం పెట్టకండి.

పన్ను గురించి భయం వద్దు. పెన్షనూ వడ్డీలూ కలిపినా ఆరు లక్షలు దాటవు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల లోపు ఇలాంటి ఆదాయానికి పన్ను పడదు. రిటర్ను మాత్రం ఏటా వేయండి.

మరి ఉక్కపోత? కింద మధ్య గదికి ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టించండి. బయటి పెట్టె సముద్రం వైపు గోడకు కాకుండా వెనక్కి ఉండాలి, ఏటా కడిగించాలి. దాంతోపాటు బాత్రూమ్‌లో కమోడు, పట్టుకోవడానికి గోడకు రాడ్లు. రెండూ కలిపి లక్షా పాతిక వేలు అనుకుందాం. నెలకు మిగిలే 14 వేలల్లో పిల్లల రాకకు తీసే ఆ వెయ్యి పోయినా, పది నెలల్లో ఎఫ్‌డీ ముట్టకుండా వచ్చేస్తుంది. కమోడు అమెరికా పిల్లలకే కాదు, ముందు మీ మోకాళ్లకు. రాత్రి అందరూ ఆ ఒక్క గదిలోనే పరుపులు వేసుకుని పడుకుంటారు. నా అనుభవంలో పిల్లలు పెద్దయ్యాక చెప్పుకునేది అదే.

అబ్బాయి మాట కొట్టిపారేయకండి. 2014లో హుద్‌హుద్ ఎలా విరుచుకుపడిందో అతను మర్చిపోయి ఉండడు, అమ్మ ఒంటరిగా ఉందన్న భయం అది. ఆ భయానికి ఇల్లు అమ్మడం తప్ప వేరే జవాబులు ఉన్నాయి. భారత్ గృహ రక్ష పాలసీ తుపానునూ వరదనూ కవర్ చేస్తుంది. స్థలం ధర కాకుండా తిరిగి కట్టడానికయ్యే ఖర్చు ప్రకారం బీమా తీసుకోండి. తుపాను హెచ్చరిక రాగానే అమ్మాయి ఇంటికి వెళ్లిపోతానని ఇద్దరికీ మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

ఇల్లు మాత్రం ఇప్పుడే పిల్లల పేర రాయకండి. వీలునామా చాలు, బతికున్నంత కాలం మార్చుకోవచ్చు. ఎప్పుడైనా గిఫ్ట్ డీడ్ రాయాల్సి వస్తే, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు అందులోనే ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద ఆ షరతు తప్పితే రాసిచ్చింది రద్దు చేయమని అడగొచ్చు. మీ పిల్లల మీద అనుమానంతో చెప్పడం లేదమ్మా, నా తల్లికైనా ఇదే చెప్పాను.

నవంబరు మధ్యలో ఆ స్కీమ్‌లో వేస్తే మొదటి వడ్డీ జనవరి మొదట్లోనే పడుతుంది. అప్పటికి నెలా పదిహేను రోజులే కాబట్టి 9 వేల చిల్లరే వస్తుంది. సంక్రాంతికి అరిసెల బియ్యం, బెల్లం, నెయ్యి అందులోంచే కొనండి. ఈసారి పుస్తకంలో ఆ ఖర్చు రాశాక కింద గీత గీయకండి.