భుజానికి 10 శాతమే ఇచ్చారు, అప్పీల్ చేయొచ్చా?

ప్రశ్న: అమెరికా ఆర్మీలో పనిచేసి వచ్చాను, ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాం. బరువులు మోసీ మోసీ కుడి భుజం పాడైంది, ఆర్థరైటిస్ అన్నారు. సర్వీసు వల్లే వచ్చిందని వెటరన్స్ అఫైర్స్ (మాజీ సైనికుల శాఖ) వాళ్లు ఒప్పుకున్నారు గానీ రేటింగ్, అంటే పరిహారం లెక్కగట్టే వైకల్య శాతం, 10 మాత్రమే ఇచ్చారు. పరీక్ష రోజు చెయ్యి బాగానే లేచింది. నొప్పి ముదిరిన రోజున చొక్కా వేసుకోవాలన్నా మా ఆవిడ సాయం కావాలి. అప్పీల్ చేస్తే ఉన్నదీ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ భయంతో ఆగిపోకండి. సర్వీసు వల్లే అని ఒకసారి ఒప్పుకున్నాక, తిరుగులేని సాక్ష్యం ఉంటే తప్ప రివ్యూ చేసేవాళ్లు దాన్ని కాదనలేరు. ముందు నిర్ణయం ఉత్తరం మీద తేదీ చూడండి. ఏడాది లోపు అప్పీల్ వేస్తేనే వెనకటి డబ్బు నిలబడుతుంది.

అదే ఉత్తరంలో కోడ్ కూడా వెతకండి. 5003 అని ఉంటే ఆర్థరైటిస్ కింద లెక్కగట్టారన్నమాట. చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూసే కోడ్ 5201, దాంట్లో అన్నిటికంటే కింది మెట్టే 20 శాతం, చెయ్యి 45 డిగ్రీల దగ్గరే ఆగిపోతే కుడిచేతి వాటం వాళ్లకు 30. కదిలిస్తే నొప్పి పుట్టే కీలుకు ఆ కీలు కోడ్‌లోని కనీస రేటింగ్, అంటే ఇక్కడ 20, ఇవ్వాలని 4.59 నిబంధన ఉంది కదా, మరి రిపోర్టులో నొప్పి ఉందని రాసి 10 దగ్గర ఎందుకు ఆపారు? నన్నడిగితే మీ కేసులో బలమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. దీనికి హయ్యర్ లెవెల్ రివ్యూ, అంటే పై అధికారి అదే ఫైలును మళ్లీ చూడటం, వేయండి, ఫారం 20-0996. కొత్త కాగితాలు తీసుకోరు గానీ ఫోన్‌లో మాట్లాడే అవకాశం అడగొచ్చు. నొప్పి ముదిరిన రోజుల సంగతి పరీక్ష చేసిన డాక్టర్ అడగనే లేదంటే అదీ చెప్పండి. నొప్పి ముదిరిన రోజు తాను కళ్లారా చూడలేదు కాబట్టి చెప్పలేనని డాక్టర్ అంటే చాలదని 2017లో షార్ప్ కేసులో కోర్టు తేల్చింది.

కొత్త సాక్ష్యం ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్, ఫారం 20-0995. మీ ఆవిడ చేత స్టేట్‌మెంట్ రాయించండి. ‘చాలా నొప్పి’ అంటే లాభం లేదు. నెలకు ఎన్నిసార్లు వస్తుంది, ఎన్ని గంటలుంటుంది, చొక్కా తొడగాలంటే మోచెయ్యి పట్టుకుని ఎత్తాల్సి వస్తుందా, పై అరలో డబ్బా అందుతుందా, ఇలా రాయాలి. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ అనే మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు ఉచితంగా సాయం చేస్తారు, ముందే డబ్బడిగే కన్సల్టెంట్ల జోలికి పోకండి.

మళ్లీ పరీక్షకు పిలిస్తే నొప్పి మొదలైన చోటే ‘ఇక్కడ’ అని నోరు విప్పి చెప్పండి. పంటి బిగువున పైదాకా ఎత్తారో, రిపోర్టుకెక్కేది ఆ డిగ్రీలే.